కెన్నడీ లైబ్రరీ నుంచి మీ క్లాసుకు పాఠం తెచ్చుకోవడం ఎలా

రేపు బడికి వెళ్లేటప్పుడు ఒక కొబ్బరి చిప్ప సంచిలో వేసుకోండి. పచ్చడికి కొబ్బరి తీసేశాక పారేసేదే, కొత్తగా కొనక్కర్లేదు. పీచు గీకేసి తీసుకెళ్తే చాలు. రెండో ప్రపంచ యుద్ధం పాఠం మొదలుపెట్టే రోజు దాన్ని బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా హాజరు తీసుకోండి. హాజరు అయ్యేలోపే ఎవడో ఒకడు అడుగుతాడు, "సార్, అదెందుకు?" అని.

అప్పుడు కథ మొదలుపెట్టండి. 1943 ఆగస్టు 2, ఇంకా తెల్లారలేదు. పసిఫిక్‌లో సోలమన్ దీవుల దగ్గర అమగిరి అనే జపాన్ యుద్ధనౌక ఒక చిన్న అమెరికన్ పడవను గుద్ది రెండు ముక్కలు చేసింది. పడవ పేరు పీటీ-109. అందులో ఉన్నది 13 మంది. ఇద్దరు పోయారు, 11 మంది ఈదుకుంటూ ఒక దీవికి చేరారు. వాళ్ల నాయకుడికి 26 ఏళ్లు. కొన్ని రోజుల తర్వాత ఆ దీవులవాళ్లు ఇద్దరు, బియుకు గాసా, ఎరోని కుమనా, చిన్న పడవలో అటు వచ్చారు. సాయం కోసం కబురు పంపాలి, కాగితం లేదు. ఆ కుర్రాడు కొబ్బరి చిప్ప మీద కత్తితో చెక్కి ఇచ్చాడు. ఆ మాటలు ఇంచుమించు ఇవి: నౌరో దీవి, కమాండర్, స్థానికుడికి చోటు తెలుసు, దారి చూపగలడు, 11 మంది బతికున్నారు, చిన్న పడవ కావాలి, కెన్నడీ.

ఆ చిప్పను తర్వాత చెక్కలో బిగించి, ప్లాస్టిక్ పోత పోయించి, జాన్ కెన్నడీ అమెరికా అధ్యక్షుడయ్యాక వైట్ హౌస్‌లో తన గది ఓవల్ ఆఫీసు బల్ల మీద పేపర్ వెయిట్‌గా వాడుకున్నాడు. ఇప్పుడది బోస్టన్‌లో ఆయన పేరిట ఉన్న లైబ్రరీ మ్యూజియంలో ఉంది. మన చేతికి దాని ఫోటో దొరుకుతుంది, రూపాయి ఖర్చు లేకుండా.

మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పినా, డల్లాస్‌లోనో అట్లాంటాలోనో బడిలో ఉద్యోగం చేస్తున్నా, ఆ లైబ్రరీని ఎలా వాడుకోవాలో నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతిలోనే చెప్తాను.

ఇది పుస్తకాలు అరువిచ్చే లైబ్రరీ కాదు

పేరు చూసి మోసపోకండి. అమెరికాలో అధ్యక్షుల లైబ్రరీ అంటే ఆ అధ్యక్షుడి కాలంనాటి ఫైళ్లు, ఉత్తరాలు, ఫోటోలు, టేపులు దాచే చోటు, పక్కనే మ్యూజియం. ఈ పద్ధతి మొదలుపెట్టింది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో ఆయన మ్యూజియం 1941లో జనానికి తెరిచారు. 1955లో దీనికంటూ చట్టం వచ్చింది. ఇవన్నీ నడిపేది అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఆర్కైవ్స్. కెన్నడీది బోస్టన్ నగరంలో సముద్రం ఒడ్డున, కొలంబియా పాయింట్ అనే చోట, ఐ.ఎం. పెయి గీసిన భవనంలో 1979 అక్టోబరులో మొదలైంది. 2011లో ఫైళ్లను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మనకు పనికొచ్చేది అదే.

లెసన్ ప్లాన్ మొత్తం దించుకోకండి

నేను చేసిన మొదటి తప్పు ఇదే. క్యూబా క్షిపణుల సంక్షోభం (1962లో సోవియట్లు క్యూబాలో క్షిపణులు పెట్టడంతో అమెరికాతో యుద్ధం దాకా వచ్చిన సంగతి) మీద పాఠ ప్రణాళిక ఒకటి దొరికితే పండగ చేసుకుని, అన్ని పేజీలూ ప్రింట్ తీసి, క్లాసులో గుంపుకొక కట్ట పంచాను. మన పీరియడ్ 45 నిమిషాలు. ఆ ప్లాన్ రాసినవాళ్ల లెక్కలో పిల్లలు ముందురోజు ఇంటి దగ్గర చదువుకుని వస్తారు, అమెరికా కాంగ్రెస్ అంటే వాళ్లకు ముందే తెలుసు, ఇంగ్లిష్ వాళ్ల ఇంటి భాష. మా పదో తరగతిలో ఇరవై నిమిషాలయ్యేసరికి వెనక బెంచీ వాళ్లు ఆ కాగితాలతో విసురుకుంటున్నారు. వాళ్ల తప్పేం లేదు.

అందుకని ప్లాన్‌ను మీరు చదవండి, పిల్లలకు ఇవ్వకండి. దాంట్లోంచి ఒక్క వస్తువు తీసుకోండి: ఒక ఫోటో, ఒక ఉత్తరం, ఒక పటం, రెండు నిమిషాల మాట. పీరియడ్‌కి ఒక్కటే.

ఎక్కడ వెతకాలి

లైబ్రరీ వెబ్‌సైట్ తెరిచి లెర్న్ అనే విభాగంలో ఎడ్యుకేషన్, అందులో టీచర్స్ నొక్కండి. ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ అని స్థాయిని బట్టి పాఠాలుంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పదో తరగతి పిల్లలకు మిడిల్ స్కూల్ సరంజామా సరిగ్గా సరిపోతుంది. అహం పక్కన పెట్టి ఒక మెట్టు కిందికే వెళ్లండి. హైస్కూల్ పాఠాలు మన ఇంటర్ సివిక్స్ వాళ్లకు బాగుంటాయి.

రెండో దారి ఆర్కైవ్స్ వెతుకుడు పెట్టె. అక్కడ ఇంగ్లిష్‌లో ఇండియా, నెహ్రూ, రాధాకృష్ణన్ అని కొట్టి చూడండి, అసలు సరదా అక్కడుంది. ప్రతి వస్తువు పేజీలో తేదీ, ఏ ఫైల్లోది, గుర్తింపు నంబరు, కాపీరైట్ సంగతి ఉంటాయి. ఆ నంబరు మీ డైరీలో రాసుకోండి, వచ్చే ఏడాది మళ్లీ వెతకడం తప్పుతుంది. జేఎఫ్‌కేడబ్ల్యూహెచ్‌పీ అని మొదలైతే వైట్ హౌస్ ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో, జేఎఫ్‌కేపీఓఎఫ్ అయితే అధ్యక్షుడి ఆఫీసు ఫైలు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తమ పనిలో భాగంగా తీసిన ఫోటోలు, రాసిన కాగితాలు అందరి సొత్తు, నిశ్చింతగా వాడుకోవచ్చు. పత్రికల వాళ్లు, ప్రైవేటు మనుషులు ఇచ్చినవి మాత్రం ఒకసారి చూసుకుని వాడండి.

చేతిరాత కాగితాల జోలికి మొదట్లో వెళ్లొద్దు. కెన్నడీ రాత డాక్టరు చీటీకి తీసిపోదు. సమావేశాల్లో కూర్చుని కాగితం మీద గీసుకున్న పిచ్చి గీతలు కూడా దాచారు. అవి చూపిస్తే పిల్లలు సంబరపడతారు, చదవడానికి మాత్రం టైపు చేసినవే ఎంచుకోండి.

జిరాక్స్ దగ్గర జాగ్రత్త

1962 అక్టోబరు 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 క్యూబా మీద నుంచి తీసిన ఫోటోలు ప్రపంచాన్ని యుద్ధం అంచుకు తెచ్చాయి. అలాంటి ఫోటో ఒకటి నేను ఊళ్లో జిరాక్స్ తీయిస్తే నల్లటి ముద్ద వచ్చింది. క్షిపణులు లేవు, చెట్లు లేవు. ఫోటోలను బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే దాని మీద చూపించండి. లేకపోతే ఒక్క కాపీ ఏ4 సైజులో ఫోటో స్టూడియోలో ప్రింట్ వేయించి, గుంపు గుంపుగా తిప్పండి. జిరాక్స్ కాగితాలకే పెట్టుకోండి.

ఆ ఫోటో చూపించేటప్పుడు దాని మీద ఉన్న బాణాలు, పేర్లు కాగితం ముక్కలతో కప్పేయండి. ఏం కనిపిస్తోందని అడగండి. మా పిల్లలు పొలం అన్నారు, ఇటుకల బట్టీ అన్నారు. నవ్వొద్దు. అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నడీకి కూడా మొదట చూసినప్పుడు పొలానికో, ఇంటి పునాదికో చదును చేసిన నేల లాగే కనిపించిందని ఆయనే రాసుకున్నాడు. ఆ సంగతి చెప్పాక కాగితం ముక్కలు తీసేయండి.

నాలుగు ప్రశ్నల కాగితం

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు టీచర్ల కోసం వర్క్‌షీట్లు తయారుచేశారు. ఫోటోకి ఒకటి, రాసిన పత్రానికి ఒకటి, పటానికి, కార్టూన్‌కి, పోస్టర్‌కి, వస్తువుకి, వీడియోకి, శబ్దానికి విడివిడిగా ఉంటాయి. చిన్న పిల్లలవి వేరు, పెద్దవాళ్లవి వేరు. అన్నిటికీ వెన్నెముక ఒకటే, నాలుగు మెట్లు. తెలుగులో నేను బోర్డు మీద ఇలా రాస్తాను:

1. ఇదేంటి? ఫోటోనా, ఉత్తరమా, కొత్తదా, పాతదా?
2. ఏమేం కనిపిస్తున్నాయి? కనిపించేవే చెప్పాలి, ఊహలొద్దు.
3. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎవరి కోసం?
4. దీన్నిబట్టి మనకు ఏం తెలిసింది? ఇంకా తెలుసుకోవాలంటే ఎవర్ని అడగాలి?

రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. మనకు తొందర ఎక్కువ. పిల్లాడు "తలపాగా" అనగానే మనం "అవును, ఆయన రాధాకృష్ణన్, ఆయన గొప్ప తత్వవేత్త" అని ఉపన్యాసం మొదలుపెట్టేస్తాం. ఐదు నిమిషాలు నోరు కట్టేసుకోండి. ఫోటోని నాలుగు భాగాలు చేసి, మూడింటిని కప్పి, ఒక్కో మూల మాత్రమే చూపిస్తే ముందు బెంచీ వాళ్లే కాకుండా అందరూ మాట్లాడతారు.

రాధాకృష్ణన్ పేరు ఊరికే తీయలేదు. 1963 జూన్‌లో ఆయన భారత రాష్ట్రపతిగా అమెరికా వెళ్లినప్పుడు కెన్నడీ వైట్ హౌస్‌లో స్వాగతం చెప్పిన ఫోటోలు ఈ లైబ్రరీలో ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి. సెప్టెంబరు 5న ప్రతి బడిలో అదే దండ, అదే పటం. ఈసారి ఆ పటం పక్కన ఈ ఫోటో పెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి.

రెండు దండేల పాఠం

నేను ఎక్కువసార్లు చెప్పింది, పిల్లలు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఇది. 1962 అక్టోబరులో రెండు సంక్షోభాలు ఒకేసారి నడిచాయి. క్యూబాది ఒక పాఠంలో, చైనా యుద్ధం ఇంకో పాఠంలో ఉండటం వల్ల రెండూ ఒకే నెలవని పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకూ తట్టదు. నాకూ లైబ్రరీ కాగితాల మీద తేదీలు చూసేదాకా తట్టలేదు.

క్లాసులో ఈ చివర నుంచి ఆ చివరకు రెండు తాళ్లు కట్టండి, ఒకదాని కింద ఒకటి, బట్టలారేసే దండేల లాగా. బట్టలకు పెట్టే క్లిప్పులు ఒక డజను తెచ్చుకోండి. తేదీలు, సంగతులు చీటీల మీద రాసి, కలిపేసి పంచండి. పిల్లలే వచ్చి తగిలించాలి.

పై దండెం క్యూబాది. అక్టోబరు 16న ఫోటోల సంగతి కెన్నడీకి చెప్పారు. 22 రాత్రి 7 గంటలకు ఆయన టీవీలో దేశానికి చెప్పాడు. 24న క్యూబా చుట్టూ అమెరికా నౌకల కాపలా మొదలైంది. 26న, 27న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ నుంచి ఒకదానికొకటి పొసగని రెండు ఉత్తరాలు. 27నే యూ-2 విమానం ఒకటి క్యూబా మీద కూలింది, పైలట్ చనిపోయాడు. 28న క్షిపణులు వెనక్కి తీసుకుంటామని క్రుశ్చేవ్ ప్రకటన. నవంబరు 20న కాపలా ఎత్తేస్తున్నామని కెన్నడీ ప్రకటన.

కింది దండెం హిమాలయాలది. అక్టోబరు 20న చైనా దాడి, అటు లడఖ్‌లో, ఇటు ఈశాన్యంలో. 22న రేడియోలో నెహ్రూ ప్రసంగం. 26న దేశంలో అత్యవసర పరిస్థితి. నవంబరు 19న నెహ్రూ కెన్నడీకి ఒకే రోజు రెండు ఉత్తరాలు. 21న చైనా కాల్పుల విరమణ.

చీటీలన్నీ తగిలించాక పిల్లల్ని వెనక్కి జరిగి చూడమనండి. 22 దగ్గర రెండు చీటీలు నిలువునా ఒకే గీతలో వేలాడతాయి. మా క్లాసులో ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, "మరి కెన్నడీకి మన ఉత్తరం చదివే తీరిక ఎక్కడిది సార్?" అంది. ఆ ప్రశ్న కోసమే ఈ తాళ్లూ క్లిప్పులూ.

ఆ రెండు ఉత్తరాల్లో నెహ్రూ అమెరికా యుద్ధ విమానాలు పంపమని అడిగాడు. అలీన విధానం అని మనం బోర్డు మీద రాసే మాటకు అదెంత బరువైన ఉత్తరమో చెప్పక్కర్లేదు. అవి చాలా ఏళ్లు బయటికి రాలేదు. కెన్నడీ లైబ్రరీ 2010లో విడుదల చేసింది. మన ప్రధాని రాసిన ఉత్తరం మనకంటే ముందు బోస్టన్‌లో ఎందుకు బయటపడింది అని పిల్లల్ని అడగండి. ఉత్తరం పంపినవాడి దగ్గర నకలుంటుంది, అందుకున్నవాడి దగ్గర అసలుంటుంది, ఎవరు ముందు పెట్టె తెరిస్తే వాళ్లదే చరిత్ర. జవాబు ఇక్కడిదాకా వాళ్లే వస్తారు, కాస్త ఓపిక పడితే.

మ్యాపు పని కూడా కలపండి. క్యూబా నుంచి ఫ్లోరిడా 145 కిలోమీటర్లు, ఇంచుమించు విజయవాడ నుంచి రాజమండ్రి. అక్కడ పెట్టిన మధ్యశ్రేణి క్షిపణులు వెళ్లగల దూరం దాదాపు 2,000 కిలోమీటర్లు. హైదరాబాద్ దగ్గర కంపాస్ ముల్లు పెట్టి అంత దూరం వృత్తం గీయమంటే శ్రీనగర్ లోపలికి వచ్చేస్తుంది. వృత్తం గీశాక క్లాసులో టెన్షన్ మీకే తెలుస్తుంది.

ఒక్క మాట మీద పది నిమిషాలు

అక్టోబరు 22న కెన్నడీ చేసిన ప్రసంగం వీడియో, టైపు ప్రతి రెండూ దొరుకుతాయి. మొత్తం చూపిస్తే 18 నిమిషాలు పోతుంది. రెండు నిమిషాలు చాలు, ఆ భాగం ముందే తెలుగులో మీరే నాలుగు ముక్కల్లో చెప్పేయండి. యాసకు పిల్లలు నవ్వుతారు, క్యూబాని ఆయన క్యూబర్ అంటాడు. నవ్వనివ్వండి, బోస్టన్ వాళ్ల యాస అదని చెప్పండి. ఉత్తరాంధ్ర యాసకీ రాయలసీమ యాసకీ నవ్వుకున్నవాళ్లే కదా వీళ్లు.

వినిపించాల్సిన మాట క్వారంటైన్. ఈ మాట మన పిల్లలకు కరోనా రోజుల నుంచి తెలుసు. ఇంటి తలుపుకి కట్టిన కర్ర, అంటించిన కాగితం గుర్తుంది. యుద్ధనౌకలతో ఒక దీవిని చుట్టుముట్టడానికి ఆయన ఆ మాట ఎందుకు వాడాడు? దిగ్బంధం అంటే అంతర్జాతీయ చట్టం ప్రకారం యుద్ధ చర్య. క్వారంటైన్ అంటే జబ్బు రాకుండా జాగ్రత్త. నౌకలు అవే, తుపాకులు అవే, పేరు మారింది. అలా పేరు మార్చి చెప్పిన సంగతులు మన ఊళ్లో ఏమైనా ఉన్నాయా అని అడిగితే బెల్ కొట్టినా ఆపరు.

కెన్నడీ 1962 వేసవిలో తన సమావేశాలను రహస్యంగా రికార్డు చేసే ఏర్పాటు చేసుకున్నాడు. 200 గంటలకు పైగా టేపులున్నాయి. గదిలో ఉన్న చాలామందికి ఆ సంగతి తెలియదు. టేపులు గరగరలాడతాయి, మన క్లాసులో వినిపించడం వృథా. రాత ప్రతిలోంచి ఐదారు మాటలు తీసి తెలుగులో నాటకంలా చదివించండి, అంతే.

చిన్న తరగతులకు

ప్రైమరీ వాళ్లకు నాకు నచ్చింది ఒక ఉత్తరం. 1961లో మిషిగన్ రాష్ట్రంలో ఎనిమిదేళ్ల పాప కెన్నడీకి రాసింది: రష్యావాళ్లు ఉత్తర ధ్రువం మీద బాంబులు వేయకుండా ఆపండి, శాంతాక్లాజ్ చనిపోతాడు. అక్టోబరు 28న అధ్యక్షుడు జవాబు రాశాడు. నిన్నే శాంతాతో మాట్లాడాను, బాగానే ఉన్నాడు, ఈ క్రిస్మస్‌కీ వస్తాడు, బాంబుల గురించి నాకూ నీలాగే బెంగగా ఉంది అని దాని సారాంశం. రెండు రోజులకే, అక్టోబరు 30న, సోవియట్లు ఉత్తరాన నొవాయా జెమ్ల్యా దీవుల మీద చరిత్రలోనే అతి పెద్ద అణుబాంబు పేల్చి చూశారు. ఆ రెండో సంగతి చిన్నపిల్లలకు చెప్పొద్దు, ఏడో తరగతి నుంచి చెప్పండి. చిన్నవాళ్ల చేత కలెక్టరు గారికో సర్పంచ్ గారికో నిజంగా ఒక పోస్టుకార్డు రాయించండి.

కొబ్బరి చిప్ప సంగతిలో ఒక హెచ్చరిక. మొదటిసారి ఉత్సాహంగా పిల్లలకు మేకులిచ్చి చెక్కమన్నాను. రెండు వేళ్లు తెగాయి, ఒక అమ్మ బడికొచ్చింది, నేను చివాట్లు తిన్నాను. ఇప్పుడు అరచేయంత కాగితం ఇచ్చి, పదిహేను మాటలు దాటకుండా సాయం కోసం కబురు రాయమంటాను. చెక్కేది నేనొక్కడినే, అదీ రెండు అక్షరాలు, ఎంత కష్టమో చూపించడానికి. ఏ మాట తీసేశారు, ఏది ఉంచారు, ఎందుకు అన్నది ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టుగా రాయించవచ్చు.

మ్యూజియం చెప్పిందల్లా నమ్మకండి

కాగితాలు దాచేది ప్రభుత్వం, కానీ మ్యూజియం గోడల మీద ఏ కథ చెప్పాలన్న దాంట్లో అధ్యక్షుడి కుటుంబం, అభిమానులు పెట్టిన ఫౌండేషన్ల డబ్బూ మాటా ఉంటాయి. నిక్సన్ లైబ్రరీ 1990లో తెరిచినప్పుడు అది ప్రైవేటుది, ఆయన అధ్యక్ష పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం కథ అక్కడ నిక్సన్ వైపు నుంచే ఉండేది. 2007లో నేషనల్ ఆర్కైవ్స్ చేతికి వచ్చాక దాన్ని తీసేసి, 2011లో కొత్త గ్యాలరీ పెట్టారు. ఒకే భవనం, ఒకే సంఘటన, రెండు కథలు.

అందుకని ప్రతి వస్తువు తర్వాత ఐదో ప్రశ్న ఒకటి చేర్చండి: ఇక్కడ ఎవరి మాట వినిపించడం లేదు? క్యూబా కథలో అయితే మొదట క్యూబా జనం. తర్వాత, క్యూబా ప్రభుత్వాన్ని కూల్చడానికి 1961 ఏప్రిల్లో ఆ దేశపు తీరాన బే ఆఫ్ పిగ్స్ దగ్గర అమెరికా దించిన మనుషుల సంగతి. ఆ పైన, టర్కీలో ఉన్న అమెరికా క్షిపణులు తీసేస్తామని రహస్యంగా ఒప్పుకున్న సంగతి. 28న ప్రపంచం చూసిన విజయంలో ఆ ఒప్పందం లేదు. పీటీ-109 కథలోనూ అంతే. చిప్ప మోసుకెళ్లిన ఇద్దరి పేర్లూ పిల్లల చేత పలికించండి, కెన్నడీ పేరు ఎలాగూ గుర్తుంటుంది.

అమెరికాలో ఉన్న టీచర్లకు

జె-1 వీసా మీద వెళ్లి అక్కడి బడుల్లో పాఠాలు చెప్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీకు వేరే లైబ్రరీలు దగ్గర కావచ్చు. డల్లాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఆవరణలో జార్జ్ డబ్ల్యూ. బుష్‌ది, ఆస్టిన్‌లో లిండన్ జాన్సన్‌ది, అట్లాంటాలో కార్టర్‌ది. మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌లో ట్రూమన్ లైబ్రరీకి వైట్ హౌస్ డెసిషన్ సెంటర్ అని ఒకటుంది. పిల్లలు సలహాదారుల వేషం కట్టి, ఆనాటి పత్రాలు చదివి, నిర్ణయం తీసుకోవాలి. మీ పాఠానికి దగ్గరగా ఉన్న చోటు ఎంచుకుని, వాళ్ల ఎడ్యుకేషన్ విభాగానికి చాలా ముందుగా మెయిల్ పెట్టండి, గ్రూపులకు బుకింగ్ తప్పనిసరి.

పిల్లల్ని మ్యూజియం మొత్తం తిప్పకండి. కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. బోస్టన్ వెళ్తే రెడ్ లైన్ రైల్లో జేఎఫ్‌కే యూమాస్ స్టేషన్లో దిగి, లోపల రెండే వస్తువులు చూపించండి. మొదటిది మీరు ఎంచుకోండి, రెండోది వాళ్లనే ఎంచుకోనివ్వండి. నాలుగు ప్రశ్నల కాగితం, పెన్సిలు చేతిలో ఉండాలి. చాలా మ్యూజియాల్లో వస్తువుల దగ్గర పెన్ను తీయనివ్వరు.